మల్లేశ్వరి ఉంగరంలో చేప

చిలకలూరిపేట,
27 జనవరి 2025, సోమవారం.

గౌరవనీయులైన షేక్ జాన్ బాషా గారికి,

పానకాలరావు నమస్కరించి వ్రాయునది. తమరు, తమ శ్రీమతి ఖాజాబీ గారు, అమ్మాయి సిద్దికా, అల్లుడు గారు అందరూ కొత్తపట్నం సముద్రపు గాలికి ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేము కూడా క్షేమమే. తమరి క్షేమం అడగాల్సిన అవసరం నాకు లేదు. కానీ ఉత్తరానికి ఒక పద్ధతంటూ ఉంటుంది కాబట్టి అడుగుతున్నాను.

తమరు, గారు అంటూ రాయడం నా వల్ల కావడం లేదు. చెయ్యి తిరగడం లేదు. కోపం ఉన్న మాట నిజమే, ఆ కోపం అలాగే ఉంచుకుని మామూలుగా రాస్తాను.

ఒరేయ్ జానూ,

ఈ ఉత్తరం రాయమన్నది మా అనూష. రాసేది మాత్రం నా ఇష్టంతోనే. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. నీ నంబరు నేను ఎప్పుడో తీసేశాను. మీ చెల్లెలు మల్లేశ్వరి ఫోనులో ఉందని నాకు తెలుసు. పెళ్ళాం ఫోనులో దొంగతనంగా నంబరు వెతుక్కునే ఖర్మ నాకింకా పట్టలేదు. పైగా ఫోనయితే నువ్వు నా మాట మధ్యలో ఉండగానే పెట్టేస్తావు. ఉత్తరం అలా కాదు. చించితే చించుతావు, కానీ చించే ముందు మొత్తం చదువుతావు. నీ సంగతి నాకు తెలియదా?

అనూష పెళ్ళి కుదిరింది. అబ్బాయి పేరు సురేంద్ర. ఒంగోలు వాళ్ళు, పొగాకు కంపెనీలో ఉద్యోగం, మనిషి నెమ్మదస్తుడు. మాఘమాసంలో ముహూర్తం, పెళ్ళి ఇక్కడ పేటలోనే. శుభలేఖ ఇందులో పెడుతున్నాను. పైన వినాయకుడి పక్కన చేప బొమ్మ చూసి కంగారు పడకు. అది అచ్చుతప్పు కాదు. దాని కథ చెప్పడానికే ఇంత ఉత్తరం.

నిరుడు వేసవిలో మీ సిద్దికా నిశ్చితార్థం నాడు జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు గుర్తుపెట్టుకున్నట్టు కాకుండా, జరిగింది జరిగినట్టు రాస్తాను, చదువు.

పెళ్ళికొడుకు నాయనమ్మ గుల్జార్ బేగం గారు మీ అమ్మాయి వేలికి పెట్టడానికి ఒక పాత ఉంగరం తెచ్చింది. తన అత్తగారి అత్తగారిదట, బందరులో చేయించిందట. పదిమందీ చేతులు మార్చుకుంటూ చూసి ఆహా ఓహో అన్నారు. నా దాకా వచ్చింది. నేను ఊరికే ఆహా అనే మనిషినా? రిటైరయ్యాక నేను కొనుక్కున్న భూతద్దం జేబులోనే ఉంది. తీసి, కంటికి పెట్టుకుని, ఉంగరం లోపలి వైపు చూశాను. నున్నగా ఉంది. గీత లేదు, గుర్తు లేదు.

నువ్వే చెప్పరా. గుంటూరు మిర్చి యార్డులో నలభై ఏళ్ళు బస్తాల మీద మార్కాలు చూసి బతికినవాళ్ళం మనం. ఎర్ర రంగు త్రిశూలం ఏ కొట్టుదో, నీలం రంగు కొబ్బరికాయ ఏ కొట్టుదో లారీ గేటు దాటకముందే చెప్పేవాళ్ళం. మార్కా లేని బస్తా మీద ఎవడైనా చెయ్యి వేశాడా? ఎండు మిరపకాయకే చేసినవాడి గుర్తు ఉన్నప్పుడు, బంగారానికి ఉండదా? నా లెక్క అది. ఇప్పటికీ నా లెక్క అదే.

అందుకని మర్యాదగానే చెప్పాను. బందరు పని అయితే లోపల చేప గుర్తు ఉండాలమ్మా, ఇదెవరో మీ పెద్దవాళ్ళకి అంటగట్టినట్టున్నారు అన్నాను. అందులో తప్పేముంది? ఉత్త మాట అనకూడదని సాక్ష్యం కూడా చూపించాను. మీ చెల్లెలి చెయ్యి పట్టుకుని పైకెత్తి, మా నాయనమ్మ ఆవిడకి పెట్టిన ఉంగరం వేలి నుంచి లాగి, అందులో ఉన్న చేపను అందరికీ భూతద్దంలో చూపించాను. అదీ బందరు నుంచి వచ్చిందేనని మా నాయనమ్మ చెప్పేది. చక్కటి చేప. ఒళ్ళుంది, తోకుంది, పొలుసులు కూడా ఉన్నాయి.

పెళ్ళివాళ్ళు లేచి నిలబడ్డారు. గుల్జార్ బేగం గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంబంధం తప్పిపోయేంత పనైందని నువ్వు అంటావు. నిజం వినే ఓపిక లేనివాళ్ళకి నేనేం చెయ్యను? నువ్వు వాళ్ళ గడ్డాలు పట్టుకుని బతిమాలి కూర్చోబెట్టావు. తర్వాత నా దగ్గరికొచ్చి అందరి ముందూ ఒక్క మాటన్నావు.

“పానకాలూ, ఆ అద్దం జేబులో పెట్టుకో. లేకపోతే ఇంటికెళ్ళు.”

ఒరేయ్ అనలేదు. బావా అనలేదు. పానకాలూ అన్నావు. యార్డులో కాటా దగ్గర కొత్తగా వచ్చిన గుమస్తాని పిలిచినట్టు పిలిచావు. అప్పుడే బిర్యానీ మూత తీస్తున్నారు, ఆ వాసన వస్తూ ఉండగానే నేను చెప్పులేసుకుని బయటికొచ్చేశాను. బిర్యానీ గురించి నాకు బాధ లేదు. బాధ ఎందుకో నీకు తెలుసు.

తర్వాత నిఖాకి శుభలేఖ పంపావు. నేను రాలేదు. మీ చెల్లెలు మాత్రం పెళ్ళి చీరలు చూసి రావాలి, చీరాల వెళ్తున్నానని చెప్పి పొద్దున్నే బయల్దేరింది. అప్పటికి మా ఇంట్లో ఏ పెళ్ళీ అనుకోలేదు. రాత్రికి చేతిలో ఒక్క చీర కూడా లేకుండా, నెయ్యి వాసన, మసాలా వాసన వేసుకుంటూ వచ్చింది. రంగులు నచ్చలేదండీ అంది. నేనేమీ అడగలేదు. నాకూ కాస్త ఇంగితం ఉంది.

ఇక అనూష సంగతి. పెళ్ళిలో పిల్లని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి తేవాలి కదా. మీ చెల్లెలికి తోడబుట్టినవాళ్ళు లేరు. అనూష చెవులు కుట్టించిన రోజు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, దానికంటే ఎక్కువగా ఏడ్చినవాడివి నువ్వే. అయినా మన మధ్య ఇలా అయింది కదా అని, మీ చెల్లెలి పిన్ని కొడుకు కోటి ఉన్నాడు, వాడు మోస్తాడులే అన్నాను. కోటి గట్టివాడు. రోజూ జిమ్ముకి వెళ్తాడు. అనూష కాఫీ గ్లాసు కింద పెట్టి నా మొహం వంక చూసింది.

“జాన్ మామ రాకపోతే నేను బుట్టలో కూర్చోను నాన్నా, నడిచే వస్తాను. ఎందుకు నడిచొచ్చావని ఒంగోలు వాళ్ళు అడిగితే మా నాన్న భూతద్దం వల్ల అని చెప్తా.”

ఆడపిల్ల కదా అని గారం చేస్తే ఇలాగే ఉంటుంది. వాళ్ళమ్మ మందలిస్తుందేమోనని చూశాను. ఆవిడ వంకాయలు తరుగుతూ తల ఎత్తలేదు. అంటే తల్లీకూతుళ్ళిద్దరూ ఒకటే మాట మీద ఉన్నారు. నేను నీకు క్షమాపణ చెప్పుకోవాలి, నువ్వు కరుణించి రావాలి. ఇదీ వాళ్ళ ఏర్పాటు.

నేను మాత్రం ఒక సంగతి తేల్చి చెప్పాను. తప్పు చేసినవాడే క్షమాపణ చెప్పాలి. ముందు ఆ చేప ఏ కంసాలి గుర్తో కనిపెట్టి, నేను చెప్పిందే నిజమని రుజువు చేస్తాను. ఆ రుజువుతో వాణ్ణి దర్జాగా పిలుస్తాను. వాడు సిగ్గుపడి, తలొంచుకుని వచ్చి బుట్ట మోస్తాడు. అనూష సరే అంది. పెళ్ళిలోపు తేల్చమని గడువు కూడా పెట్టింది.

ఉంగరం తీసివ్వమని మీ చెల్లెల్ని అడిగాను. వేలికి పట్టేసింది, రావడం లేదంది. చపాతీ పిండి కలిపేటప్పుడు అదే ఉంగరం తీసి కిటికీలో పెట్టడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ మాటంటే, అంతగా కావాలంటే ఉంగరంతో పాటు నేనూ వస్తానంది. ఆడవాళ్ళకి బంగారం మీద ఎంత మమకారమో చూడు. కట్టుకున్న మొగుడి చేతికి కూడా ఇవ్వరు.

ముందు గుంటూరు వెళ్ళాం. పెద్ద కొట్టు, ఏసీ, వెళ్ళగానే బాదంపాలు ఇచ్చారు. అక్కడ బంగారం నాణ్యం చూసే మిషను ఉంది. దాని ముందు భానుశ్రీ అని ఒక అమ్మాయి కూర్చుంది. ఉంగరాన్ని పెట్టెలో పెట్టి మీట నొక్కితే టీవీలో అంకెలు పడుతున్నాయి. తిప్పి తిప్పి చూసింది. చుట్టూ మేలిమి బంగారమే, చేప ఉన్న చోట మాత్రం నాణ్యం తగ్గింది.

“ఇక్కడేమన్నా అతుకు పడిందా అండీ?” అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. మా నాయనమ్మ ఉంగరానికి అతుకా? మా ఇంట్లో బొంతకి కూడా అతుకు వెయ్యనిచ్చేది కాదు ఆవిడ. ఆ పిల్లకి నెమ్మదిగానే నచ్చజెప్పాను. కొట్టులో మిగతావాళ్ళు కూడా లేచొచ్చి విన్నారంటే నేను ఎంత బాగా చెప్పానో నువ్వే ఊహించుకో. పాతకాలపు పనివాడు తన గుర్తు త్వరగా అరిగిపోకూడదని ఆ ఒక్క చోట కావాలనే గట్టి లోహం కలిపాడని వివరించాను. ఎందుకు కలపడు? బస్తా చిరిగే చోట మనం రెండో గోనె వేసి కుట్టించేవాళ్ళం కాదూ? ఆ పిల్ల అవునా సార్ అంది. మీ చెల్లెలు నా పక్కన కూర్చుని మూడో గ్లాసు బాదంపాలు తాగుతోంది. మామూలుగా ఆవిడకి బాదంపాలంటే గిట్టదు.

మిషను మాట మిషనుది, మనిషి మాట కూడా కావాలనుకున్నాను. తెనాలిలో ఎవరో పెద్ద నిపుణుడు ఉన్నాడని విని టాక్సీ మాట్లాడబోతుంటే మీ చెల్లెలే ముందుకొచ్చింది. తెనాలి ఎందుకండీ, చీరాలలో వీరాచారి గారని ఒక పెద్దాయన ఉన్నాడు, పాత నగలంటే ఆయన తర్వాతే ఎవరైనా అంది. ఇన్నాళ్ళూ మొహం ముడుచుకుని కూర్చున్న మనిషి ఒక్కసారిగా నా పరిశోధనలో చెయ్యి కలిపేసరికి నాకు సంతోషమేసింది. టిఫిను తినకుండా చీరాల బస్సెక్కాం.

వీరాచారి గారికి వయసు మీద పడింది. చూపు ఆనడం లేదు, వేళ్ళతో తడిమి చెబుతాడు. నేను లోపలికి వెళ్ళగానే వచ్చిన పని చెప్పి, భూతద్దం తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని పక్కన పెట్టేశాడు. ఉంగరం లోపల బొటనవేలు పెట్టి ఒకసారి తిప్పాడు. చేప దగ్గరికి రాగానే ఆగిపోయాడు. మళ్ళీ తడిమాడు. ఇది ఎవరిదమ్మా అని మీ చెల్లెల్ని అడిగాడు. నాదే బాబాయి గారూ, నల్లపాడు మల్లేశ్వరిని అంది ఆవిడ. అంతే, ఆయనకి దగ్గు పట్టుకుంది. మామూలు దగ్గు కాదు, కండువా నోట్లో కుక్కుకుని భుజాలు ఎగరేస్తూ దగ్గాడు. పాపం పెద్దవాళ్ళకి చలికాలం కష్టం. నేనే లేచి మంచినీళ్ళు పట్టించాను.

తేరుకున్నాక ఏమన్నాడో తెలుసా? అవునండీ చేపే అన్నాడు. ఇది చేసినవాడికి ఆ రోజు బాగా తొందర ఉన్నట్టుంది గానీ గట్టి పని, ఇంకో వందేళ్ళయినా ఊడి రాదు అన్నాడు. విన్నావా? చేపే అన్నాడు. నా నోటితో కాదు, ఆయన నోటితో.

బందరు పనివాళ్ళందరూ చేప గుర్తే వేసేవారా అని అడిగాను. ఆయన నవ్వి, మా తాతల కాలంలో అసలు గుర్తులెవరు వేసేవారండీ, చేసినవాడు వీధి చివరే ఉంటాడు కదా, తేడా వస్తే వెళ్ళి వాణ్ణే నిలదీసేవారు, ఈ ముద్రలూ అంకెలూ అన్నీ ఇప్పటివి అన్నాడు. అంటే దీని అర్థమేమిటి? ఎవరూ వెయ్యని రోజుల్లోనే మా ఉంగరం చేసినవాడు గుర్తు వేశాడన్నమాట. అటువంటిది ఆంధ్రదేశం మొత్తం మీద ఇదొక్కటే ఉండొచ్చు. ఆ లెక్కన గుల్జార్ బేగం గారి ఉంగరంలో గుర్తు లేకపోవడం కూడా సబబేనని నాకు బస్సులో వస్తుంటే తట్టింది. ఆవిడ ఉంగరం అసలైందే కావచ్చు. ఈ మాట నేను నీకు ఒక్కడికే రాస్తున్నాను, ఊరంతా చెప్పకు.

ఇంత పెద్ద సంగతి కనిపెట్టి ఊరుకుంటే ఎలా? మా వాకర్స్ క్లబ్బులో ప్రసంగం పెట్టించాను. చేప గుర్తు ఫోటో తీయించి, మంచమంత ఫ్లెక్సీ వేయించి కట్టాను. గంట సేపు మాట్లాడాను. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఒకాయన లేచి, అది కొరమీనులా ఉందండీ అన్నాడు. ఇంకొకాయన కాదు కాదు, తోక చూడండి, చందువ అన్నాడు. అక్కణ్ణించి వాళ్ళలో వాళ్ళే పులుసులోకి ఏది బాగుంటుందనే వాదనలో పడి, నన్ను వేదిక మీదే వదిలేసి టిఫినుకి వెళ్ళిపోయారు. బంగారం గురించి ఒక్కడూ అడగలేదు. గాడిదకేం తెలుసు గంధం వాసన.

అయినా నేను జంకలేదు. శుభలేఖ మీద ఆ గుర్తు వేయించాను. ప్రెస్సు అతను నెమ్మదిగా నా చెవి దగ్గరికొచ్చి, ఇది పెళ్ళా సార్, హోటలు ఓపెనింగా అని అడిగాడు. ఒంగోలు నుంచి వియ్యంకుడు ఫోను చేసి, మొహమాటపడుతూ, పెళ్ళిలో చేపల కూర పెడుతున్నారా బావగారూ, మా వాళ్ళలో కొందరు తినరు అన్నాడు. అందరికీ ఓపిగ్గా చెప్పుకొస్తున్నాను. పెళ్ళి పందిట్లో కూడా చేప ఫ్లెక్సీ కట్టించి, ఉంగరాన్ని అద్దాల పెట్టెలో పెట్టి చూపిద్దామని ఆలోచన. వచ్చినవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పినట్టుంటుంది.

మీ చెల్లెలు వద్దని బతిమాలుతోంది. పెళ్ళివారి ముందు వద్దండీ, నా మాట వినండి అని రెండు మూడు సార్లు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. ఈ మధ్య సరిగ్గా తినడం లేదు. పిలిస్తే ఉలిక్కిపడుతోంది. కూతురు వెళ్ళిపోతుందన్న దిగులు కాబోలు. నువ్వు వస్తే ఆవిడ కాస్త తేరుకుంటుంది.

సరే, రుజువైంది కదా. ఇక నువ్వు రావాలి. నువ్వు అన్న మాట నేను మనసులో పెట్టుకోను. పెట్టుకోలేదు కూడా. అద్దం జేబులో పెట్టుకోమన్నావు, పెట్టుకున్నాను, అయిపోయింది. ముందు రోజు సాయంత్రానికే రండి. ఖాజాబీ చెల్లెమ్మ, సిద్దికా, అల్లుడు అందరూ రావాలి. నీ నడుం నొప్పి సంగతి నాకు తెలుసు. ఒక పక్క కోటి పట్టుకుంటాడు, నువ్వు చెయ్యి వేస్తే చాలు. అనూష ఈ నెల రోజుల్లో కాస్త తగ్గుతానని మాటిచ్చింది.

ఇంకో సంగతి. ఇది ఉత్తరంలో రాయాల్సింది కాదు, అయినా రాస్తున్నాను. సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఇక్కడ ఎవడూ నాతో వాదించడం లేదురా. నేను ఏం చెప్పినా అవునండీ, నిజమేనండీ అంటున్నారు. తేజ మిర్చి కంటే బాడిగ రకమే ఘాటు అని పచ్చి అబద్ధం చెప్పి చూశాను. దానికీ అవునండీ అన్నారు. నోరు ముయ్యరా, నీకేం తెలుసు అనేవాడు లేకపోతే మనిషికి మాట్లాడబుద్ధి కాదు. నువ్వు లేక నాకేమీ తోచడం లేదు. పొద్దున లేస్తే నువ్వే గుర్తొస్తున్నావు.

ఇది క్షమాపణ కాదు.

ఇట్లు,
నువ్వన్నది ఏదీ మనసులో పెట్టుకోని
పానకాలరావు

తా.క.

మంగళవారం.

అన్నయ్యా, ఇది ఆయన రాత కాదని చూడగానే తెలిసి ఉంటుంది మీకు. నేను మల్లేశ్వరిని. కవరు అంటించి పోస్టు చెయ్యమని నిన్న రాత్రి ఉత్తరం నా చేతికిచ్చి పడుకున్నారు. పొద్దున్నే మొత్తం చదివాను. ఫోను చేసి మీతో మాట్లాడొచ్చు గానీ, మీ గొంతు వింటే నాకు ఏడుపొచ్చి మాట రాదు. అందుకే ఆయన కాగితం మీదే, మిగిలిన చోట్లో రాస్తున్నాను.

అనూష కడుపులో ఉన్నప్పుడు, మనం నల్లపాడులో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళం కదా. నెలలు నిండుతున్నాయి, ఎండలు, నా వేళ్ళు వాచిపోయి ఉంగరం బిగుసుకుపోయింది. సబ్బు రాశాను, ఆముదం రాశాను, దారం చుట్టి లాగాను. వేలు నల్లబడిపోతోంది. యార్డులో సీజను, ఆయన అక్కడ ఉన్నారు. ఆయన అన్నం క్యారేజీ కోసం మీరొచ్చారు. నా చెయ్యి చూసి, క్యారేజీ అరుగు మీదే వదిలేసి, నన్ను రిక్షా ఎక్కించి స్టేషను దగ్గర వీరాచారి గారి కొట్టుకి తీసుకెళ్ళారు. అప్పుడాయన కొట్టు అక్కడే ఉండేది. ఆయన ఉంగరం కోసి తీశాడు. వాపు తగ్గాక మళ్ళీ వెళ్తే చిన్న ముక్క కలిపి, టంకం పెట్టి అతికిచ్చాడు. ఆ అతుకు ముక్కే ఈయన చేప. పొలుసులు పటకారు నొక్కులు.

వాళ్ళ నాయనమ్మ ఉంగరం కోయించానంటే ఈయన ఊరుకునే మనిషి కాదు. అప్పటి ఆయన కోపం మీకు తెలుసు. చెప్పొద్దని మీ చేత నా చేతిలో చెయ్యి వేయించుకున్నాను. ఆ రోజు అన్నం అందలేదని యార్డులో అందరి ముందూ మిమ్మల్ని తిట్టారట. క్యారేజీ దారిలో పడిపోయిందని చెప్పి తిట్లు తిన్నారట మీరు. ఆ మాట ఖాజాబీ వదిన చెప్తేనే నాకు తెలిసింది.

సిద్దికా నిశ్చితార్థం నాడు ఈయన నా చెయ్యి పైకెత్తి చేపని చూపిస్తుంటే, మీరు నా వంక ఒక్కసారి చూశారు. నేను తల దించుకున్నాను. మీ ఇంటి పెళ్ళి ఆగిపోయేలా ఉంది. ఒక్క మాట చెప్తే ఈయన నోరు మూతపడేది, గుల్జార్ బేగం గారి పరువు నిలబడేది. మీరు ఆ మాట చెప్పకుండా, నా కోసం ఆయన్ని పోగొట్టుకున్నారు. మీ అమ్మాయి నిఖాలో మీరు నాకు వడ్డిస్తుంటే ఒక్క ముద్ద దిగలేదన్నయ్యా నాకు.

ఈ ఉత్తరం చదివాక ఇంక ఉండలేకపోయాను. ఆయన కాఫీ తాగుతుండగా అంతా చెప్పేశాను. అరుస్తారనుకున్నాను. అరవలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. నా చెయ్యి పట్టుకుని, “అప్పుడు వేలు బాగా నొప్పి పుట్టిందా?” అని అడిగారు. తర్వాత మీకు మొదట్నుంచీ తెలుసా అని అడిగారు. తెలుసన్నాను. నిశ్చితార్థం నాడు కూడానా అన్నారు. ఆ రోజు కూడా అన్నాను. లేచి వెళ్ళి చొక్కా వేసుకున్నారు.

సంచిలో రెండు లుంగీలు పెట్టుకుని ఇప్పుడే ఒంగోలు బస్సెక్కారు. అక్కణ్ణించి కొత్తపట్నం వస్తారు. ముందు గుల్జార్ బేగం గారి ఇంటికి వెళ్ళి ఆవిడ కాళ్ళు పట్టుకుంటానన్నారు, ఆ తర్వాతే మీ ఇంటికి. ఈ ఉత్తరం చింపెయ్యనా అంటే వద్దన్నారు. ఇంత బాగా మళ్ళీ రాయలేరట. ఇది మీకు అందేదాకా అక్కడే ఉంటారట, మీరు చదువుతుంటే మీ మొహం చూడాలట.

కాబట్టి ఇది చదివేసరికి ఆయన మీ పక్కనే కూర్చుని ఉంటారు. మీరు నాకిచ్చిన మాట ఇవాళ్టితో తీరిపోయింది. నా కోసం ఇన్నేళ్ళు నోరు కట్టుకున్నారు. ఇప్పుడు మీ నోటికి ఎంతొస్తే అంత, కడుపారా తిట్టండి అన్నయ్యా. ఆయన దానికోసమే వచ్చారు.

మీ చెల్లెలు,
మల్లేశ్వరి